వార్డెన్ సంతకం: వైద్య పరిశోధనలో అంగీకారం ఎవరిది?

1929 డిసెంబర్ 12 నాటి 'యంగ్ ఇండియా'లో ఒక ఉత్తరం అచ్చయింది. రాసినాయన కథియవాడ్ ప్రాంతంలో బడిపంతులుగా పనిచేస్తున్న అంటరాని కులస్తుడు. ఆయన భార్య ప్రసవమైన రెండు రోజులకే జబ్బుపడింది. డాక్టరు వాడలోకి రానన్నాడు. అక్కడ పరీక్ష చెయ్యనన్నాడు. చివరికి పెద్దమనుషుల చేత చెప్పించి, రెండు రూపాయల ఫీజు ఇస్తామంటే, బాలింతను వాడ బయటికి తీసుకొస్తే చూస్తానన్నాడు. థర్మామీటరు తీసి ఒక ముస్లిం చేతికిచ్చాడు. ఆయన భర్త చేతికిచ్చాడు. భర్త భార్యకు పెట్టాడు. చూసిన తర్వాత అదే దారిన థర్మామీటరు డాక్టరు దగ్గరికి వెనక్కి పోయింది. న్యుమోనియా అని చెప్పి ఆయన వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. ఆమె చనిపోయింది. అంబేద్కర్ తన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఈ ఉత్తరాన్ని చేర్చారు.

దళిత ఉద్యమం ఈ ఉదంతాన్ని అంటరానితనానికి సాక్ష్యంగా చదివింది. అది సరైన చదువే. అయితే దీన్ని వైద్యశాస్త్రం గురించిన సాక్ష్యంగా కూడా చదవాల్సి వుందని మేం అనుకుంటున్నాం. థర్మామీటరు కొలిచే వేడికి కులం లేదు. అది ఎవరి చేతుల మీదుగా రోగి దాకా చేరాలి, ఆ అంకె చూసి ఎవరు నిర్ణయించాలి, రేపు మళ్ళీ ఎవరొచ్చి చూడాలి అనే దగ్గర కులం వుంది. ఆనాటి డాక్టరు మనల్ని ముట్టుకోనన్నాడు. తర్వాతి కాలంలో పరిశోధనకు మన రక్తం కావాల్సొచ్చింది, మన కణాలు కావాల్సొచ్చినై, మన ఆడపిల్లల జబ్బలు కావాల్సొచ్చినై. ముట్టుకున్నారు. మరి అడిగారా?

ఈ ప్రశ్నతో గర్భాశయ ముఖద్వార కేన్సర్ మీద జరిగిన పరిశోధనను తీసుకుని, దాని చుట్టూ పుట్టిన మూడు రకాల కాగితాల్ని విమర్శకు పెడుతున్నాం. ఒకటి పరిశోధనా పత్రం. రెండోది అంగీకార పత్రం. మూడోది విచారణ నివేదిక. కవిత్వాన్నీ కథనూ ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరి గొంతు వినపడటం లేదు అని నిలదీసి చదవడం దళిత విమర్శ నేర్పింది. ఆ చదువును ఈ కాగితాల దాకా తీసుకుపోవాలి. ఎందుకంటే ఇవి నేరుగా మన ఒంటి మీద రాసే కాగితాలు.

జబ్బు ఎవరిది, శాస్త్రం ఎవరిది?

ఈ కేన్సర్‌కు కారణం హ్యూమన్ పాపిలోమా వైరస్, అంటే హెచ్.పి.వి. సోకిన వాళ్ళలో ఎక్కువ మందికి అది దానంతటదే పోతుంది. కొందరిలో ఏళ్ళ తరబడి వుండిపోయి ముఖద్వారం దగ్గరి కణాల్ని మారుస్తుంది. మారిన కణాలు కేన్సర్ కావడానికి మామూలుగా పదేళ్ళు, ఇరవయ్యేళ్ళు పడుతుంది. పట్టుకోవడానికి కావాల్సినంత టైముంది. పట్టుకునే పాప్ పరీక్ష 1940ల నుంచీ వుంది. ఆ పరీక్షను పద్ధతిగా ఊరూరా చేసిన దేశాల్లో ఈ చావులు బాగా తగ్గిపోయినై.

మన దేశంలో 2022లో సుమారు 1,27,000 మందికి ఈ జబ్బు కొత్తగా వచ్చిందనీ, దాదాపు 80,000 మంది చనిపోయారనీ అంతర్జాతీయ కేన్సర్ పరిశోధనా సంస్థ అంచనా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 30-49 ఏళ్ళ స్త్రీలలో ఎప్పుడైనా ఒక్కసారైనా ఈ కేన్సర్ పరీక్ష చేయించుకున్నవాళ్ళు నూటికి 1.9 మందే. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చదవాలి. కలుపు తీసే మనిషి, బీడీలు చుట్టే మనిషి, మున్సిపాలిటీ రోడ్లూడ్చే మనిషి తెల్లబట్ట అవుతుందనో, ముట్లాగిపోయాక మళ్ళీ రక్తం కనపడుతుందనో ఆస్పత్రికి పోయేసరికి జబ్బు ముదిరిపోయి వుంటుంది. ముందే ఎవరూ చూడకపోవడం వల్ల వచ్చే చావు ఇది.

ఇక శాస్త్రం సంగతి. 1951లో అమెరికాలోని బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రికి హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి స్త్రీ వచ్చింది. పొగాకు చేలల్లో పనిచేసిన కుటుంబం. ఆమెకు వచ్చింది ఈ కేన్సరే. నల్లవాళ్ళ వార్డులో చికిత్స చేస్తూ, ఆమెను అడక్కుండానే కణితి ముక్క తీసి ప్రయోగశాలకు పంపారు. ఆ యేడు అక్టోబర్ 4న, 31 ఏళ్ళ వయసులో ఆమె చనిపోయింది. ఆమె కణాలు మాత్రం ప్రయోగశాలలో పెరుగుతూనే వున్నై. 'హీలా' అనే పేరుతో ప్రపంచమంతా పోయినై. పోలియో టీకాను పరీక్షించడానికి వాటినే వాడారు. 1980లలో జర్మనీలో హెరాల్డ్ జుర్ హౌసెన్ బృందం ముఖద్వార కేన్సర్‌లో హెచ్.పి.వి. 16, 18 రకాలను గుర్తించింది. 18వ రకం హీలా కణాల్లో కూడా దొరికింది. ఆ కృషికి జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. కణాలు ఇంకా బతికున్నాయన్న సంగతి లాక్స్ కుటుంబానికి 1970ల దాకా తెలియదు. ఆ కణాలతో వ్యాపారం చేసిన ఒక కంపెనీ ఆ కుటుంబంతో రాజీకొచ్చింది 2023లో.

దీన్ని ఎందుకు చెబుతున్నామంటే, వైద్యశాస్త్రం అనగానే అది అగ్రవర్ణాల వాళ్ళు కట్టిన మేడ అనీ, మనం గేటు దగ్గర చెయ్యి చాచి నిలబడ్డవాళ్ళమనీ అనుకునే అలవాటు మన వాళ్ళలో కూడా వుంది. ఆ మేడ పునాదిలో నల్లవాళ్ళ, పేదల, మన శరీరాలున్నాయి. కాబట్టి మా విమర్శ శాస్త్రానికి బయట నిలబడి రాళ్ళు విసిరే విమర్శ కాదు. లోపల వాటా వున్నవాళ్ళు లెక్క అడగడం.

పరిశోధనా పత్రం: 'మామూలు వైద్యం' అంటే ఏంది?

మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో 1999లో ఒక పెద్ద ట్రయల్ మొదలైంది. 30-59 ఏళ్ళ మధ్య వయసున్న 1,31,746 మంది ఆరోగ్యవంతులైన స్త్రీలు. ఊళ్ళను నాలుగు గ్రూపులు చేశారు. ఒక గ్రూపులో హెచ్.పి.వి. పరీక్ష. ఒకదానిలో పాప్ పరీక్ష. ఒకదానిలో ఎసిటిక్ ఆసిడ్ పూసి కంటితో చూసే పరీక్ష. నాలుగోది కంట్రోల్ గ్రూపు. వీళ్ళకు పరీక్షలేవీ లేవు, 'మామూలు వైద్యం' మాత్రమే. ఫలితాలు 2009లో అచ్చయినై. హెచ్.పి.వి. పరీక్ష పొందిన 34,126 మంది గ్రూపులో ఈ కేన్సర్‌తో చనిపోయినవాళ్ళు 34 మంది. కంట్రోల్ గ్రూపులోని 31,488 మందిలో చనిపోయినవాళ్ళు 64 మంది. ఒక్క పరీక్షతో చావులు సగానికి తగ్గుతాయని తేలింది. నిజంగా గొప్ప ఫలితం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో హెచ్.పి.వి. పరీక్షనే మొదటి పరీక్షగా వాడమని సిఫారసు చేసింది. ఆ సిఫారసు వెనకున్న సాక్ష్యాల్లో ఉస్మానాబాద్ పల్లెల స్త్రీలున్నారు.

బొంబాయి మురికివాడల్లో, తమిళనాడులోని దిండిగల్ జిల్లాలో కూడా కంటితో చూసే పరీక్ష మీద ఇట్లాంటి ట్రయల్సే జరిగినై. మూడు చోట్లా కలిపి కంట్రోల్ గ్రూపుల్లో 1,38,624 మంది స్త్రీలున్నారనీ, వాళ్ళలో 254 మంది ఈ కేన్సర్‌తో చనిపోయారనీ 2014లో వైద్య నీతి పత్రికలో లెక్క తేల్చి, అభ్యంతరం చెప్పారు.

పరిశోధకుల వాదన కూడా వినాలి. కంట్రోల్ గ్రూపు లేకుండా చవకైన పరీక్ష పనిచేస్తుందో లేదో ఎట్లా తెలుస్తుంది? ఆ ఊళ్ళల్లో అంతకుముందు ఏ పరీక్షా లేదు. కాబట్టి ఆ స్త్రీల నుంచి మేం తీసేసింది ఏమీ లేదు అని వాళ్ళంటారు. ఈ వాదనలో తర్కం వుంది. ఆ తర్కం నిలబడింది మాత్రం 'మామూలు వైద్యం' అనే మాట మీద. ఆ మాట దగ్గరే మేం ఆగుతున్నాం.

ఏది మామూలు? ఎవరికి మామూలు? అదే బొంబాయిలో ప్రైవేటు డాక్టరు దగ్గరికి పోయే ఇల్లాలికి పాప్ పరీక్ష మామూలు. మురికివాడలో వుండే మనిషికి ఏ పరీక్షా లేకపోవడం మామూలు. ఈ రెండో మామూలును ఆకాశం నుంచి ఎవరూ దించలేదు. భూమి లేకపోవడం, బావి లేకపోవడం, వాడకు రోడ్డు లేకపోవడం ఎట్లా తయారైనయో ఇదీ అట్లాగే తయారైంది. పరిశోధనా పత్రం దాన్ని ప్రకృతి సహజమైన స్థితిలాగా తీసుకుని, దాని మీద గ్రూపులు గీసింది. వివక్ష చేసిన పని పరిశోధనకు సౌకర్యంగా మారింది. పరీక్షలు లేని జనం కావాలంటే ఎక్కడ దొరుకుతారో వెతుక్కోనక్కర్లేకుండా పోయింది.

అంతకన్నా పెద్ద ప్రశ్న ఇంకోటుంది. 2009లో సమాధానం దొరికింది. పదేళ్ళ తర్వాత సర్వే చేస్తే పరీక్ష అందినవాళ్ళు నూటికి ఇద్దరు కూడా లేరు. సమాధానం మన ఆడవాళ్ళ దగ్గర పుట్టి జెనీవా దాకా పోయింది. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రం దాకా రావడానికి మాత్రం దానికి దారి దొరకలేదు.

అంగీకార పత్రం: సంతకం ఎవరిది?

2009 జూలైలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో హెచ్.పి.వి. టీకా ప్రాజెక్టు మొదలైంది. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేశాయి. మెర్క్ కంపెనీ టీకా గార్డసిల్. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10-14 ఏళ్ళ ఆడపిల్లలు సుమారు 14,000 మంది. గుజరాత్‌లోని వడోదరలో ఇంకో కంపెనీ టీకాతో ఇదే పని. ప్రాజెక్టులో వున్న కొందరు అమ్మాయిలు చనిపోయారని బయటికి రావడం, మహిళా ఆరోగ్య సంఘాలు భద్రాచలం వెళ్ళి విచారించడంతో 2010 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని ఆపేసింది.

పార్లమెంటు ఆరోగ్య స్థాయీ సంఘం తన 72వ నివేదికను 2013 ఆగస్టు 30న సభ ముందు పెట్టింది. ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించి 9,543 అంగీకార పత్రాల లెక్క అందులో వుంది. వాటిలో 1,948 పత్రాల మీద వేలిముద్రలు. 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు. అంటే ప్రతి పది మంది పిల్లల్లో దాదాపు ముగ్గురి శరీరం మీద నిర్ణయం వార్డెన్‌ది.

మాలో చాలామందిమి ఇంట్లో మొదటిసారిగా యూనివర్సిటీ గడప తొక్కినవాళ్ళం. సంక్షేమ హాస్టళ్ళలో తిని చదివినవాళ్ళం. వార్డెన్ సంతకం అంటే ఏందో మాకు పుస్తకాల్లో చదవాల్సిన పనిలేదు. పండక్కి ఇంటికి పోవాలంటే ఆ సంతకం. స్కాలర్‌షిప్ రావాలంటే ఆ సంతకం. మేం చదివిన ఒక హాస్టల్లో వరసలో నిలబెట్టి మాత్రలు మింగించేవాళ్ళు. ఎందుకు సార్ అని అడిగినోడికి 'మింగురా' అన్నదే జవాబు. ఆ మాత్ర మంచిదే అయివుండొచ్చు. మంచి మాత్రకు కూడా మాట చెప్పక్కర్లేదనుకునే మనుషుల మధ్య మేం పెరిగాం.

అమ్మా నాయినా పిల్లను హాస్టల్‌కు ఎందుకు పంపుతారు? అన్నం కోసం, చదువు కోసం. ఆ రెండూ ఇంటి దగ్గర లేవు కాబట్టి పంపుతారు. పిల్ల ఒంటి మీద హక్కును వార్డెన్‌కు రాసివ్వరు. ప్రభుత్వం మాత్రం రెంటినీ ఒకటి చేసింది. ఆకలిని అడ్డం పెట్టుకుని సంరక్షకుడయింది, సంరక్షకుడి హోదాలో సంతకం పెట్టింది. ప్రాజెక్టు నడిపేదీ ప్రభుత్వమే, దానికి ఒప్పుకునేదీ ప్రభుత్వమే. ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఒకడే అయిన దగ్గర అంగీకారం అనే మాటకు అర్థమేముంటుంది?

వేలిముద్రల విషయంలో ప్రగతిశీలురతో మాకొక పేచీ వుంది. వేలిముద్రలున్నాయి కాబట్టి అది అంగీకారం కాదు అని చాలామంది తేలిగ్గా రాసేశారు. చదువురాని మనిషికి ఆలోచన రాదన్న పాత బ్రాహ్మణీయ నమ్మకమే ఇందులో కొత్త చొక్కా తొడుక్కుంది. మా అమ్మలు వేలిముద్రగాళ్ళే. ఏ విత్తనం ఎప్పుడు వెయ్యాలో, ఏ బిడ్డకు ఏ జ్వరమో వాళ్ళకు తెలుసు. టీకా ఏ జబ్బుకు, ఎన్నిసార్లు, ఏమన్నా అయితే ఎవరిని అడగాలి అనేది కోయ తల్లికి కోయ భాషలో, రాత్రి ఇంటికిపోయి నలుగురితో మాట్లాడుకునే టైమిచ్చి చెబితే, ఆమె పెట్టే వేలిముద్ర ప్రొఫెసర్ సంతకంతో సమానం. తప్పు ముద్రలో లేదు. షావుకారు నోటు మీద, కరణం కాగితం మీద వేయించుకున్నట్టే, చదివి వినిపించకుండా వేయించుకోవడంలో వుంది.

భద్రాచలం అమ్మాయిల్లో చాలామంది ఆదివాసీలు. వాళ్ళ అనుభవాన్ని దళిత అనుభవంగా మార్చి మాట్లాడే హక్కు మాకు లేదు. వాళ్ళ మాట వాళ్ళే చెబుతారు. అయినా హాస్టల్ గోడ వాళ్ళకూ మాకూ ఒకటే కాబట్టి మాట్లాడుతున్నాం.

విచారణ నివేదిక: చెప్పిందీ చెప్పనిదీ

రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు అమ్మాయిలు చనిపోయారు. వైద్య పరిశోధనా మండలి వేసిన విచారణ సంఘం 2011లో ఈ చావులకు టీకాతో సంబంధం వున్నట్టు కనపడలేదని చెప్పింది. మేం దాన్ని కాదనడం లేదు. ఆ తర్వాత ప్రపంచమంతా కోట్ల మంది ఆడపిల్లలు ఈ టీకాలు వేసుకున్నారు, అవి సురక్షితమేనని తేలింది. టీకా చంపింది అనే ప్రచారం ఇప్పటికీ మన వాడల్లో తిరుగుతుంటే దాన్ని ఆపడం మన బాధ్యత. ఆ ప్రచారం వల్ల రేపు చచ్చేది మన ఆడపిల్లలే.

అయితే 'సంబంధం లేదు' అన్న వాక్యం దగ్గర నివేదిక ఆగితే విమర్శ ఆగకూడదు. చెప్పిన కారణాలేంది? పాము కాటు, మలేరియా, పురుగుమందు, నీళ్ళలో మునగడం. ఇవి టీకాకు సంబంధం లేని చావులు, నిజమే. పదేళ్ళు దాటిన ఆడపిల్లలు ఏజెన్సీలో దేనివల్ల చనిపోతున్నారో చెప్పే జాబితా అది. చల్లదనం చెడకుండా మూడు డోసుల టీకాను అక్కడి దాకా మోసుకురాగలిగిన రాజ్యం, పాము కాటు మందునూ మలేరియా పరీక్షనూ అంత శ్రద్ధగా ఎందుకు మోసుకురాదు? ఇరవై ఏళ్ళ తర్వాత రాబోయే కేన్సర్ నుంచి కాపాడతామన్న పిల్లను ఈ వానాకాలం దాటించే పూచీ ఎవరిది?

పార్లమెంటు సంఘం నివేదిక గట్టి నివేదిక. ప్రాజెక్టు వెనక కంపెనీల వ్యాపార ప్రయోజనం వుందని చెప్పింది. పరిశోధనా మండలిని తప్పుబట్టింది. అందులో విదేశీ సంస్థ కనిపిస్తుంది, అధికారుల నిర్లక్ష్యం కనిపిస్తుంది. హాస్టళ్ళలో వుండాల్సిన పిల్లలు ఎప్పుడూ ఏ కులాల, ఏ తెగల పిల్లలే ఎందుకవుతారు అన్న ప్రశ్న మాత్రం దాని కేంద్రంలో లేదు. వామపక్ష మిత్రుల రాతల్లోనూ ఇదే జరిగింది. బహుళజాతి కంపెనీ అనగానే వాళ్ళ కలం పరిగెత్తుతుంది, కులం అనగానే ఆగిపోతుంది. కంపెనీ అమెరికాది కావచ్చు. సంతకం మాత్రం ఇక్కడిది.

2012లో ఈ విషయం మీద సుప్రీంకోర్టులో కేసు వేశారు. 2018 మే 9న రాజ్యాంగ ధర్మాసనం తీర్పిచ్చింది. ఏం తీర్పు? పార్లమెంటు సంఘాల నివేదికల్ని కోర్టులు చూడొచ్చని. ముఖ్యమైన తీర్పే. కానీ ఆడపిల్లల హక్కు మీద మొదలైన కేసు పార్లమెంటు హక్కుకూ కోర్టు హక్కుకూ మధ్య చర్చగా ఎట్లా మారిపోయిందో గమనించాలి.

ఆగిపోయిన డోసులు

ఇదే సమయంలో, భద్రాచలం ప్రాజెక్టుతో సంబంధం లేకుండా, అంతర్జాతీయ కేన్సర్ పరిశోధనా సంస్థ మన దేశంలో ఇంకో ట్రయల్ నడుపుతోంది. రెండు డోసులు చాలా, మూడు కావాలా అని తేల్చడం దాని ఉద్దేశం. 2009 సెప్టెంబర్‌లో మొదలైంది. 2010 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆపమన్నప్పుడు ఇదీ ఆగిపోయింది. అప్పటికి టీకా వేసుకున్న 17,729 మందిలో 4,950 మందికి ఒక్క డోసే పడింది. పరిశోధకులు వాళ్ళను పదేళ్ళు గమనించారు. 2021లో ఫలితం అచ్చయింది. 16, 18 రకాల వైరస్ ఒంట్లో పాతుకుపోకుండా ఒక్క డోసు నూటికి 95 పాళ్ళు కాపాడుతోంది. 2022 డిసెంబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసు పద్ధతిని ఆమోదించింది. ఈ ఫలితం దాని వెనకున్న సాక్ష్యాల్లో ఒకటి. మూడు డోసులు కొనలేని పేద దేశాలకు ఇది ప్రాణం పోసే మాట.

చూడండి ఎంత చిత్రమో! ఆడపిల్లల హక్కు కోసం జరిగిన ఆందోళన వల్ల పరిశోధన ఆగింది. ఆగడం వల్ల ఎవరూ అనుకోని జ్ఞానం పుట్టింది. ఆ జ్ఞానాన్ని మోసింది మళ్ళీ మన దేశపు అమ్మాయిలే. ఉద్యమాలు శాస్త్రాన్ని అడ్డుకుంటున్నాయని నిందించే వాళ్ళు ఈ లెక్కను కూడా రాసుకోవాలి. అదే సమయంలో, పరిశోధన అంటేనే కుట్ర అని కొట్టిపారేసే మన మిత్రులు కూడా దీన్ని చదవాలి.

మరి ఏం అడుగుదాం?

2019 కొత్త ఔషధాల, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం ప్రతి ఎథిక్స్ కమిటీలో డాక్టర్లు కాని సామాన్య సభ్యులు వుండాలి, స్త్రీ వుండాలి. కాగితం మీద బాగుంది. ఆ సామాన్యుడి కుర్చీలో ఎవరు కూర్చుంటున్నారు? మాల, మాదిగ, కోయ స్త్రీ ఆ కుర్చీలో కూర్చుని 'ఈ కాగితం నాకర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి' అనే రోజు రావాలి. మనది అర్థంచేసుకోలేని జనం అన్న నింద పోయి, అర్థమయ్యేట్టు చెప్పలేని శాస్త్రం అన్న లెక్క మొదలుకావాలి.

ప్రయోగశాలలోకి మన పిల్లలు పోవాలి. నమూనాలుగా పోయింది చాలు. ఢిల్లీ ఎయిమ్స్‌లో దళిత, ఆదివాసీ విద్యార్థుల మీద వివక్షను థోరట్ కమిటీ 2007లోనే బయటపెట్టింది. ఏ జబ్బు మీద పరిశోధన చెయ్యాలి, ఎవర్ని కంట్రోల్ గ్రూపులో పెట్టాలి అని నిర్ణయించే గదిలో మనవాళ్ళు లేకపోవడానికీ, ఆ ట్రయల్స్‌లో మనవాళ్ళే నిండిపోవడానికీ సంబంధం వుంది.

1972లో బొంబాయిలో పుట్టిన దళిత్ పాంథర్స్ అమెరికాలోని బ్లాక్ పాంథర్స్ నుంచి పేరు తెచ్చుకున్నారు. ఆ బ్లాక్ పాంథర్స్ 1971లో తమ వాడల్లో సికిల్ సెల్ జబ్బుకు ఉచిత రక్తపరీక్షలు మొదలుపెట్టారన్న సంగతి మనం అంతగా చెప్పుకోలేదు. ప్రభుత్వం పట్టించుకోని జబ్బును ఉద్యమమే చేతిలోకి తీసుకుంది. పేరు తెచ్చుకున్నాం, ఆ పనిని మాత్రం అక్కడే వదిలేశాం.

కాబట్టి మేం అడిగేది మూడు మాటలు. వార్డెన్, హెడ్మాస్టర్, యజమాని ఎవరూ మన పిల్లల తరఫున పరిశోధనకు సంతకం పెట్టడానికి వీల్లేదు. ఏ ఊళ్ళో ట్రయల్ జరిగిందో ఆ ఊరికి ఫలితం ముందు చెప్పాలి, ఆ వైద్యం ముందు అక్కడే ఉచితంగా అందాలి. ముప్పై దాటిన ప్రతి దళిత, ఆదివాసీ, బహుజన స్త్రీకీ హెచ్.పి.వి. పరీక్ష ఆమె ఊళ్ళోనే జరగాలి.

విద్యార్థి సంఘాలు, ఉపాధ్యాయ మిత్రులు ఈ చర్చను హాస్టళ్ళలోకి తీసుకుపోవాలని కోరుతున్నాం. రేపు ఎవరైనా టీకా పెట్టె పట్టుకుని హాస్టల్‌కు వస్తే మన ఆడపిల్లలు పారిపోవద్దు, ఊరికే జబ్బ చాపొద్దు. 'ఇది దేనికి, మా అమ్మకు చెప్పారా?' అని అడగాలి. జవాబు విని, అర్థం చేసుకుని, అప్పుడు వేసుకోవాలి.